పూజకు పెట్టిన పిస్టల్

పిస్టల్ అరచేతిలో ఇమిడిపోయింది. చొక్కా కింద దోపుకుంటే కన్నతల్లికి కూడా కనిపించదు.

"కాంపాక్ట్ మోడల్. నైన్ ఎం.ఎం.," అన్నాడు చీఫ్ రాజశేఖర్. "ధర ఎంతో తెలుసా? ఓ మోస్తరు సెల్‌ఫోన్ ధర."

ఏజెంట్ హనుమేష్ దాన్ని టేబుల్ మీద పెట్టేశాడు. కర్నూలు పాత బస్టాండు వెనక, విత్తనాల కొట్టు పైన ఉందా గది. కింద పత్తి గింజలు బేరమాడే రైతులకు పైన ఏం జరుగుతుందో తెలియదు. తెలియకపోవడమే వాళ్ళ అదృష్టం.

"డోన్‌లో గోడౌన్ వాచ్‌మన్ పెద్ద ఈరన్నను చంపింది ఇలాంటిదే. రైలు పట్టాల పక్కన దొరికాడు."

"ఏం చేశాడు పాపం?"

"చూశాడు. రాళ్ళు పాలిష్ చేసే మిషన్ల విడిభాగాలని రాసున్న పెట్టె దించేటప్పుడు పగిలింది. లోపల అన్నీ ఇవే. పక్కనే నిలబడి ఒక మనిషి నవ్వుతున్నాడు. ముఠా నాయకుడు. కోడ్ నేమ్ కెప్టెన్. సముద్రం అవతలి నుంచి నడిచే ముఠా అది. సీమలో పాత పగ ఉన్న ప్రతి నడుముకూ ఒక చవక పిస్టల్ కట్టాలని వాళ్ళ ప్లాన్. తర్వాత వాళ్ళు చేయాల్సిన పనేమీ ఉండదు. మనమే చేసుకుంటాం."

"కెప్టెన్ ముఖం చూసినవాళ్ళు?"

"ఇద్దరు. ఒకడు ఈరన్న. రెండో మనిషి ఆ గోడౌన్ ఓనరు రామసుబ్బయ్య. స్పేర్ పార్టుల వ్యాపారి. ఇంకా బతికే ఉన్నాడు."

చీఫ్ ఆ 'ఇంకా' అన్న తీరు హనుమేష్‌కు నచ్చలేదు.

"కెప్టెన్ నాపరాళ్ళ ఎక్స్‌పోర్టర్ వేషంలో మన మధ్యనే తిరుగుతున్నాడు. ఎవరో తేలడం లేదు. ఫోటోలు చూపిస్తే రామసుబ్బయ్య తల అడ్డంగా ఊపాడు. ఎదురుగా నిలబడి నవ్వితే మాత్రం చెప్పేస్తానంటున్నాడు. అందుకే కెప్టెన్ ఇప్పుడు డోన్‌లో అడుగు పెట్టడం లేదు. ఊరి కళ్ళకు నువ్వు రామసుబ్బయ్య చెల్లెలి కొడుకువి. పండక్కి వెళ్తున్నావు. ఆయన ప్రాణం నీ పూచీ."

"లోపలి మనిషి?"

"ప్రేమజ్యోతి. కడపలో చీరల బొటిక్. వాళ్ళకూ ఏజెంటే, మనకూ ఏజెంటే. ఎవరికి ఎక్కువో ఆ దేవుడికే తెలియాలి. 'పట్టుచీర రంగు దిగుతోంది' అందంటే ప్రాణం మీదికి వచ్చిందని అర్థం."

ఆయుధపూజ నాటి పొద్దున హనుమేష్ డోన్ చేరాడు. రామసుబ్బయ్య ఇంటి గడపకు మామిడాకుల తోరణం, బంతిపూల దండలు. బక్కపలచటి మనిషి రామసుబ్బయ్య గుమ్మంలోకి వచ్చాడు. మాటకోసారి కుడిచెయ్యి నడుము మీదికి పోతోంది. కూర్చుంటే ఒక పక్కకు ఒరిగి కూర్చుంటున్నాడు. ఎందుకో హనుమేష్‌కు కాసేపట్లోనే తెలిసింది.

పూజగదిలో ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ కాటా, స్పానర్లు, స్కూటర్ తాళాలు వరసగా పేర్చి కుంకుమ పెడుతోంది. "ఇంగేమన్నా ఉండాదా?" అని అరిచింది. రామసుబ్బయ్య తప్పు చేసిన పిల్లవాడిలా నడుము దగ్గర తడుముకుని, ఒక చిన్న నల్లటి పిస్టల్ తీసి ఇత్తడి తట్టలో పెట్టాడు. ఆమె దానికీ బొట్టు పెట్టింది.

హనుమేష్ తట్ట మీదికి వంగాడు. "ఇది యాడిది మామా?"

"కొంటినప్పా. ప్రేమజ్యోతమ్మ ఇప్పించె. చీరల పెట్టెలో పెట్టి పంపిచ్చె."

"లైసెన్సు?"

"దానికి అర్జీ పెట్టి కూసుంటే, అది వచ్చేలోపల నా ఫోటోకు దండ పడతాది." రామసుబ్బయ్య గొంతు తగ్గించాడు. "కానీ ఒక మాట చెప్తా విను. ఇది కట్టుకున్నప్పట్నుంచి భయం ఇంగా పెరిగె. దుకాణానికి వచ్చే ప్రతి మనిషీ నన్ను సంపేకే వస్తాండాడు అనిపిస్తాది. నిన్న ఒక రైతు పాత బోల్టు చూపిచ్చేకి జేబులో చెయ్యి పెట్టె. నేను దీన్ని బయటికి తీస్తి. ఆ మనిషి ముఖం ఇంగా కండ్ల ముందరే ఉండాది."

హనుమేష్‌కు జాలి కలిగింది, కోపం కూడా వచ్చింది. ఆయనను కాపాడేందుకు డిపార్ట్‌మెంట్ అంతా నిద్ర మానుకుంటే, ఈయన వెళ్ళి తనను చంపాలనుకుంటున్నవాళ్ళ దగ్గరే తుపాకి కొన్నాడు. అది తీసుకుందామని చెయ్యి చాపాడు.

"తాకొద్దు!" అంది రాజ్యలక్ష్మమ్మ. "పూజకు పెట్టినంక రేపు ఉద్వాసన చెప్పేవరకు ఎవరూ తాకగూడదు."

హనుమేష్ చేతి గడియారం సన్నగా వణికింది. దగ్గర్లో ఫోన్ సిగ్నల్ అందుకునే పరికరం ఏదున్నా అది వణుకుతుంది. ఇంటి నిండా సెల్‌ఫోన్లే కదా అని పట్టించుకోలేదు. ఆ పొద్దున అతను చేసిన తప్పు అదొక్కటే, కానీ చిన్న తప్పు కాదు.

అప్పుడే గుమ్మంలో సెంటు వాసన గుప్పుమంది. నల్ల కళ్ళద్దాలు, వంకాయరంగు పట్టుచీర, వీధి వీధంతా తలతిప్పి చూసే నడక. ప్రేమజ్యోతి లోపలికి వచ్చి పూజగదిలో దండం పెట్టుకుని, హనుమేష్ పక్కనే నిలబడింది. నవ్వుతూనే ఉంది. కానీ పైపెదవి మీద చెమట.

"అక్కా, పోయిన నెల నేనిచ్చిన పట్టుచీర రంగు దిగుతాందంట గదా," అంది రాజ్యలక్ష్మమ్మతో. కళ్ళు మాత్రం హనుమేష్ మీద ఉన్నాయి.

"ల్యాదే! బాగుండాది," అంటూ ఆవిడ కర్పూరం వెలిగించి హారతిపళ్ళెం భర్త చేతికిచ్చింది.

ప్రేమజ్యోతి గొంతు గుసగుసలోకి దిగింది. "పిస్టల్ పిడిలో తూటాల్లేవు. పేలుడు మందు, ఒక సిమ్. నిన్ననే నాకు తెలిసె. వీధి చివర కారులో కెప్టెన్ డ్రైవర్ ఉండాడు. హారతి గంట వినపడితే, ఈయన దీని ముందరే ఉన్నట్టని కెప్టెన్‌కు ఫోన్ చేస్తాడు. కెప్టెన్ ఈ పిస్టల్‌కు చేస్తాడు. నా ఫోన్ వాళ్ళు వింటాండారు. అందుకే నేనే వస్తి."

"అత్తా, గంట..." అన్నాడు హనుమేష్.

గణగణా మోగించేసింది రాజ్యలక్ష్మమ్మ.

హనుమేష్ తట్టను తట్టగా ఎత్తుకుని పరిగెత్తాడు. "తాకొద్దంటి గదరా!" అన్న అరుపు వెనకనుంచి తరుముతోంది. వంటిల్లు దాటాడు. పెరట్లో ఏళ్ళ తరబడి చుక్కనీళ్ళు లేని బావి ఉంది. తట్ట అందులోకి విసిరి, గట్టుకు దూరంగా బోర్లా పడ్డాడు.

భూమి అదిరింది. బావి గట్టు రాళ్ళు లేచి పెరడంతా పడ్డాయి. కిటికీ అద్దాలు ఒక్కటి మిగల్లేదు.

అతను లేచి లోపలికి వచ్చేసరికి రామసుబ్బయ్య హారతిపళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. కర్పూరం ఇంకా వెలుగుతోంది. తన నడుముకు కట్టుకు తిరిగింది ఏమిటో ఆయనకు అప్పుడు అర్థమైంది. గోడకు చేరబడి నేల మీద కూలబడ్డాడు.

"మామా," అన్నాడు హనుమేష్, "మీరు ఈ పూటకు చచ్చిపోవాలి."

వీధి చివర కారు అప్పటికే వెళ్ళిపోయింది. ప్లాన్ క్షణాల్లో తయారైంది. ఎస్.ఐ. జోసెఫ్ వీధికి తాడు కట్టించాడు. దుప్పటి కప్పిన ఖాళీ స్ట్రెచర్ అంబులెన్సులో కర్నూలు వెళ్ళిపోయింది. ప్రేమజ్యోతి ఏడుపుగొంతుతో కెప్టెన్‌కు ఫోన్ చేసింది. "అయిపోయింది సార్. మీరెవరో నాకు తెలీదు, కానీ ఎక్స్‌పోర్టర్లంతా పరామర్శకు వస్తాండారు. రానోళ్ళ గురించి పోలీసులు ఆరా తీస్తాండారు."

అన్నీ కుదిరాయి. రాజ్యలక్ష్మమ్మ ఒక్కతే కుదరలేదు.

"అత్తా, ఆ తోరణం తీసేయాల. పొయ్యి ఆర్పాల. సావు ఇంట్లో..."

"నోరు ముయ్యి! నా మొగుడు పక్క గదిలో కూసోని ఉండంగా, పండగపూట నా చేత్తో కట్టిన తోరణం నేను తెంపాల్నా? అమ్మవారి నైవేద్యం పొయ్యి మీద ఉండాది. పొయ్యి ఆర్పేది ల్యాదు."

"పోపు వాసన వచ్చే ఇంట్లో సావు ల్యాదని ఎవరికైనా తెలుస్తాది. వాడు గుమ్మంలోంచే వెనక్కి పోతే మళ్ళీ దొరకడు. ఇంగోసారి మామను కాపాడేది నా చేత కాదు."

"ఏడ్చమంటే ఏడుస్తా. అంతే."

ఏడ్చింది కూడా. నటన మొదలుపెట్టిన మరుక్షణమే పొద్దుటి భయమంతా ఒక్కసారి తన్నుకొచ్చి నిజంగానే ఏడ్చింది. అది వింటూ హనుమేష్ తల దించుకున్నాడు.

మొదట వచ్చిన ఎక్స్‌పోర్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు. తోరణం చూశాడు. ముక్కు ఎగబీల్చాడు. "ఏమప్పా, నిజమేనా?" అన్నాడు అయోమయంగా. జోసెఫ్ ఆయనను ఎదురింట్లో కూర్చోబెట్టి ఫోన్ తీసేసుకున్నాడు. రెండో ఆయనా అంతే. లోపల పులిహోర పోపు చిటపటలాడుతోంది. హనుమేష్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

మూడో కారు ఆగింది. తెల్లటి బట్టలు, చేతిలో పెద్ద దండ. రాఘవేంద్రప్రసాద్, కర్నూలు ఎక్స్‌పోర్టర్. అతను తోరణం కింద నుంచి తల వంచుకుని నేరుగా లోపలికి వచ్చేశాడు.

"అమ్మా, ఈ దుర్వార్త విని మిక్కిలి చింతిస్తున్నాను. వారి ఆత్మకు శాంతి కలుగుగాక." పేపర్లో అచ్చేసినట్టుంది తెలుగు. ఎక్కడా తప్పు లేదు.

వెనకే వస్తున్న డ్రైవరు మాత్రం గడప దగ్గర ఆగాడు. ఈ నేల మీద పుట్టినవాడు. తోరణం చూశాడు, పోపు వాసన పీల్చాడు. ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. "సార్..." అన్నాడు. పరామర్శకు వచ్చిన చోట మాట్లాడవద్దన్నట్టు రాఘవేంద్రప్రసాద్ చెయ్యెత్తి ఆపాడు. డ్రైవరు వెనక్కి వెనక్కి నడిచి, గేటు దగ్గర జోసెఫ్ చేతుల్లో పడ్డాడు.

రాజ్యలక్ష్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. వంటింట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఆమె చేతిలో పొగలు కక్కే కాఫీ, గ్లాసూ డవరాతో సహా.

హనుమేష్ చెయ్యి చొక్కా కింది తుపాకి మీదికి పోయింది. పరామర్శకు వెళ్ళిన ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు. ఇవ్వరు, పుచ్చుకోరు. అయిపోయింది. ఆట బయటపడింది.

"ధన్యవాదాలమ్మా," అన్నాడు రాఘవేంద్రప్రసాద్. దండ పక్కన పెట్టి, కుడిచేత్తో గ్లాసు, ఎడమచేత్తో డవరా అందుకున్నాడు. కాఫీ చల్లార్చుకుంటూ చిన్నగా నవ్వాడు.

పక్కగది తలుపు దబాలున తెరుచుకుంది.

"వీడేనప్పా! ఆ నవ్వు ఇదే! ఈరన్నను సంపిచ్చినోడు వీడే!" రామసుబ్బయ్య భయం మరిచిపోయి గది మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

చచ్చినవాడిని ఎదురుగా చూసి కెప్టెన్ కళ్ళు పెద్దవయ్యాయి. పిస్టల్ నడుము వెనక, చొక్కా కింద ఉంది. గ్లాసు వదలాలా, డవరా వదలాలా? ఆ ఒక్క క్షణమే తటపటాయించాడు. రెండూ వదిలి చెయ్యి వెనక్కి పోనిచ్చేసరికి హనుమేష్ తుపాకి గొట్టం అతని చెవి వెనక ఆనింది. తెల్లబట్టల మీద కాఫీ కారింది.

"కదలకండి కెప్టెన్. మిక్కిలి చింతించాల్సి వస్తుంది."

అతని నడుములోంచి పిస్టల్ తీసి బల్ల మీద పెట్టాడు హనుమేష్. అదే మోడల్. అంతే చవక. రామసుబ్బయ్య దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇంగ నాకొద్దప్పా ఆ పీడ," అన్నాడు.

"మీరు కొన్నదాని కేసు విడిగా ఉంటుంది మామా," అన్నాడు హనుమేష్. రామసుబ్బయ్య ఊపిరి నిండా పీల్చుకుని వదిలాడు. గోడకు చేరబడి నిలబడ్డ ప్రేమజ్యోతి నల్ల కళ్ళద్దాలు తీసి, చీర చెంగుతో ముఖం తుడుచుకుంది.

జీపు వెళ్ళిపోయాక హనుమేష్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తా, ప్రాణం పోయినంత పనయ్యింది నాకు. వానికి కాఫీ ఎందుకిచ్చినావు?"

రాజ్యలక్ష్మమ్మ పులిహోర కలుపుతూ తల కూడా ఎత్తలేదు.

"ఇంటికొచ్చిన మనిషిని కాఫీ గూడా ఈకుండా పంపేకి, ఇదేమన్నా సావు ఇల్లా?"