ఎదురుగాలిలో ఇద్దరు

ఆదివారం పొద్దున పావగడ దగ్గర తిరుమణి ఊరు దాటగానే గాలి ఎదురు తిరిగింది.

యోగీశ్ సైకిల్ మీద ముందుకు వంగి తొక్కుతున్నాడు. సోలార్ ప్లాంట్‌లో వారమంతా షిఫ్టులు చేసిన కాళ్లు మొరాయిస్తున్నాయి. హ్యాండిల్‌కు బిగించిన ఫోన్‌లో యావరేజ్ స్పీడ్ పడిపోతోంది. బెంగళూరు సైక్లింగ్ క్లబ్బులో చేరి వాళ్ల లాంగ్ రైడ్‌కు పోవడానికి కావాల్సిన స్పీడు నెలల తరబడి తొక్కినా అందడం లేదు.

"పక్కకు జరగద్దప్పా! నేరుగా పో!"

ఉలిక్కిపడి తిరిగి చూశాడు. వెనక చక్రానికి అంటుకున్నట్టుగా సైకిల్ మీద ఒక అమ్మాయి.

"ఎవురు నువ్వు? యాడ్నించి వస్తాండావు?"

"ఊరు దాటినప్పట్నించీ నీ వెనకాలే. గాలి తగల్దు, సుఖంగా ఉండాది."

"నేనేమన్నా గాలికి కట్టిన తడికనా?"

"తడిక ఇన్ని ప్రశ్నలు అడగదు."

ఆమె పేరు సౌభాగ్య. ఇల్లు రాయచెర్లులో. పావగడలో ప్రైవేటు స్కూల్ టీచరు. టైఫాయిడ్ తగ్గినా నీరసం వదలకపోతే, డాక్టరు చెప్పాడని సైకిలెక్కింది.

ఆ తర్వాత ఆదివారాలన్నీ ఇద్దరూ కలిసే తొక్కారు. ఎత్తు వస్తే ఆమె దిగిపోయేది. ఎండెక్కితే నీళ్లకు ఆగేది. యోగీశ్ ఫోన్ చూసి నిట్టూర్చేవాడు. ఆమె కబుర్లు మొదలుపెడితే ఫోన్ సంగతే మర్చిపోయేవాడు.

ఒకరోజు టీ అంగడి దగ్గర స్నేహితుడు నందీశ్ ఆటపట్టించాడు. "ఏంరా, క్లబ్బులో చేరతా అంటివి. స్పీడు ఇంకా తగ్గినట్టుండాదే?"

"ఆ పాప ఎంబడి పోతే ఇంగేం స్పీడురా," అనేశాడు యోగీశ్, సిగ్గు దాచుకోవడానికి.

బాటిల్లో నీళ్లు నింపుకొని వస్తున్న సౌభాగ్య ఆ మాట వింది. సైకిలెక్కి ఒంటరిగా వెళ్లిపోయింది. మరుసటి ఆదివారం రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. ఫోన్ చేస్తే తీయలేదు.

ఆ రెండో ఆదివారం గాలి వెనక నుంచే తోస్తోంది. రోడ్డు ఖాళీ. అయినా యోగీశ్ ప్రతి మలుపులోనూ ఆగి వెనక్కి చూశాడు. రాయచెర్లు చేరేసరికి అతని స్పీడు ఎన్నడూ లేనంత తక్కువగా ఉంది. నేరుగా వాళ్లింటికే వెళ్లాడు.

అరుగు మీద కూర్చున్న ఆమె నాయన నరసింహప్ప తలెత్తాడు. "ఎవురు కావల్లప్పా?"

అంతలో సౌభాగ్యే బయటికొచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"ఏంటికొచ్చినావు? నా ఎంబడి ఉంటే స్పీడు తగ్గుతాది, పో."

"తగ్గనీ."

"మరి క్లబ్బు?"

"ఎవురికి కావల్ల? వారమంతా పనిచేసి చచ్చేంత అలిసిపోతా. నువ్వు పక్కనుంటే ఆ అలుపు గుర్తుండదు. ఆ పొద్దు నేనన్నది తప్పు. నువ్వంటే నాకిష్టం సౌభాగ్యా."

నరసింహప్ప గట్టిగా దగ్గాడు. యోగీశ్ చెవులు ఎర్రబడ్డాయి.

"నాయనా... నువ్వు విన్నావా?"

"ఈడే కూచున్నా కదమ్మా. నాకేం చెవుడా?" అని, ఆయన యోగీశ్ వైపు తిరిగాడు. "మీ అమ్మానాయన్ని ఒకతూరి రమ్మను, మాట్లాడుకుందాం. ముందు కొంచెం నీళ్లు తాగప్పా, పడిపోయేట్టుండావు."

సౌభాగ్య చెంబు తెచ్చిచ్చింది. "ఈ పొద్దు నాకు తొక్కే ఓపిక లేదు," అంది మెల్లగా.

"నాకూ లేదు."

"అయితే నడుద్దాం పా."

సైకిల్‌ను గోడకు ఆనించి, సోలార్ ప్యానెళ్ల పక్క మట్టిదారిలో నడిచారు. ఒక చోట ఆమె అతని మోచేయి పట్టుకుని, బరువంతా దాని మీదే వేసింది.