దుబాయికి పోయే తొక్కు

"నీకు నౌకరి దొరికింది. దాని సంగతి ఇంట్ల నిజం చెప్పొద్దు," అన్నాడు నజీరుద్దీన్.

కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణం పైఅంతస్తు. తలుపు మీద ‘వర్క్‌ప్లేస్ కన్సల్టెన్సీ’ అని బోర్డు. కింద చీరలు బేరమాడే గొంతులు. ఎంబీఏ ఫలితాలొచ్చి నెల తిరగని మహెక్ కుర్చీ అంచున కూర్చుంది. పనివాళ్ల కష్టసుఖాలు తెలుసుకుని యాజమాన్యానికి సలహాలిచ్చే ఉద్యోగమని ఆమె దరఖాస్తు చేసుకుంది.

"గా పని గూడ చేస్తవ్," అన్నాడాయన. రిటైరైన నిఘా అధికారి. నవ్వడం ఎప్పుడో మానేసిన ముఖం. "కన్సల్టెంటు ఏ ఫ్యాక్టరీల జొచ్చినా, ఎవ్వల్ని ఏమడిగినా అనుమానం రాదు. గంతకన్న మంచి వేషం లేదు, బేటీ."

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. క్లయింటు బెల్లంపల్లి శివారులో ఒక చిన్న ఫ్యాక్టరీ. బొగ్గుగనిలో విషవాయువు కమ్ముకోకముందే మోగే కొత్త అలారం తయారుచేసింది. దాని డిజైన్ మీద ఒక విదేశీ ముఠా కన్నేసింది. కాజేసి, పేటెంట్ తమ పేర రాయించుకుని, మనకే పదింతల ధరకు అమ్మాలన్నది వాళ్ల పథకం. లోపలి మనిషి ఎవరో సాయం చేస్తున్నారు. అనుమానం స్టోర్ కీపర్ ముత్తయ్య మీద. కారణం, రోజూ దుబాయికి ఫోన్లు.

"మా దిక్కు దుబాయికి ఫోన్ చెయ్యని ఇల్లేది సార్?"

"అందుకే నిన్ను పంపుతున్న. నీ సీనియర్ వందన నెల సంది ఆ ఫ్యాక్టరీకి పోయొస్తున్నది. ఆమె చెప్పినట్టు నడుచుకో."

నల్ల కళ్లద్దాలు, ఖరీదైన నేత చీర, వెళ్లిపోయాక కూడా గదిలో నిలిచే సెంటు వాసన: అదీ వందన. నాలుగు భాషల్లో అబద్ధమాడగలదని ఆఫీసులో ఆమెను గౌరవంగా తలచుకునేవారు. మహెక్ కుర్తాకు బొత్తాం కెమెరా కుట్టించింది ఆమే. చేతికి సర్వే టాబ్లెట్ ఇచ్చి కోడ్ మాటలు నేర్పింది ఆమే. ‘ఎంగేజ్‌మెంట్ తగ్గింది’ అంటే దొంగ కదిలాడని. ‘అలైన్‌మెంట్ కుదిరింది’ అంటే సరుకు చిక్కిందని.

ఫ్యాక్టరీలో సర్వే మొదలైంది. మొదటి ప్రశ్న, మీ పని మీకు తృప్తిగా ఉందా?

ముత్తయ్య చేతిలోని తాళాలగుత్తి పక్కన పెట్టాడు. "గీ మాట నన్నెవ్వరడగలే బిడ్డా. జర సోంచాయించి చెప్త."

రెండోనాడు వచ్చి నిజంగానే చెప్పాడు. స్టోర్ రూములో గాలి ఆడదనీ, గనిలో పోయిన తమ్ముడి కోసమైనా ఈ అలారం బయటికి రావాలని రోజూ దండం పెట్టుకుంటాననీ. బొత్తాం కెమెరా అంతా రికార్డు చేసింది. ఆ రోజు సాయంకాలపు అసర్ నమాజులో మహెక్ మనసు నిలవలేదు. మనిషి మనసు విప్పుతుంటే రికార్డు చేయడం పాపపుణ్యాల్లో ఏ పద్దులోకి వస్తుందో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఆదివారం ముత్తయ్య ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆయన మేనల్లుడు మల్లేష్ సెలవు ముగించుకుని దుబాయికి తిరిగి పోయే రోజది. మహెక్ వెళ్లేసరికే మామా అల్లుళ్లు బస్సు కోసం మంచిర్యాల బయలుదేరారు. ముత్తయ్య భార్య బాలవ్వ ఒక్కతే ఉంది. అన్నం వడ్డిస్తూ పిల్లవాడు మోసుకుపోయిన బరువు గురించి చెప్పుకొచ్చింది. గల్ఫ్ పోయేవాడి చేతికి వాడకట్టంతా మూటలిస్తుంది: సకినాలు, తొక్కు, షుగర్ మాత్రలు. మూట పైన పేరు రాస్తారు. ఇంకొకరి మూట ఎవరూ విప్పరు. ఇచ్చినవాళ్లు మోసేవాడికి కూడా అందులోంచి కాస్త రుచి చూపించి పంపుతారు.

"మీ వందన మేడం సుత మామిడికాయ తొక్కు డబ్బ ఇచ్చింది," అంది బాలవ్వ. "దుబాయిల ఆమె అక్క ఉన్నదట. మోసే పోరనికి ముక్కంత సుత పెట్టలే. గంత సదివి ఏం ఫాయిదా?"

మహెక్ చేయి కంచంలోనే ఆగిపోయింది. తాను ఒక్కతే సంతానమని వందన ఎన్నోసార్లు చెప్పింది. మర్యాద తెలియక ముక్క పెట్టలేదా? మూత తెరిచే వీలు లేకనా?

ఆటో ఎక్కి నజీరుద్దీన్‌కు మెసేజ్ పెట్టింది. "ఎంగేజ్‌మెంట్ తగ్గింది."

"ఎవరిది?"

"మనదే సార్. మంచిర్యాల బస్టాండు."

మంచిర్యాల బస్టాండులో హైదరాబాద్ బస్సు ఇంజన్ అప్పటికే మోగుతోంది. మల్లేష్ మెట్టు మీద ఉన్నాడు. మూటల సంచి ముత్తయ్య భుజాన ఉంది. కొంచెం దూరంలో స్తంభం పక్కన నల్ల కళ్లద్దాలు.

మహెక్ సంచి పట్టుకుంది. "కాకా, వందన మేడం డబ్బ విప్పు."

"పరాయోళ్లది బిడ్డా. నమ్మి ఇచ్చిండ్రు. విప్పితే దోషం."

వందన చకచకా వచ్చింది. ఈ అమ్మాయి ట్రైనీ అనీ, పట్టించుకోవద్దనీ, బస్సు పోనివ్వమనీ చిరునవ్వుతో చెప్పింది. కండక్టర్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

"గిట్ల నమ్మి ఇచ్చినదాన్ని మా ఇంట్ల అమానత్ అంటరు కాకా," అంది మహెక్. "ముట్టద్దనే నాకూ నేర్పిండ్రు. కాని గిది పోతే మీ తమ్మునసొంటోళ్ల అలారం పోతది, నువ్వు జైలుకు పోతవు. నీ మీదికి మాట రానియ్య. నన్ను నమ్ము."

ముత్తయ్య ఆమె ముఖంలోకి చూశాడు. "ఎములాడ రాజన్నా, తప్పు నాదే," అని దేవుడికి మొక్కుకుంటూ మూత తిప్పి తొక్కులో చేయి పెట్టాడు. ఎర్రటి వేళ్ల మధ్య ప్లాస్టిక్‌లో చుట్టిన మెమరీ కార్డు వచ్చింది. వందన వెనక్కి తిరిగి నడిచింది. గేటు దగ్గర నజీరుద్దీన్ మనుషులు ఆమె కోసం కారు తలుపు తెరిచి పట్టుకున్నారు. బస్సు కదిలింది.

అలైన్‌మెంట్ కుదిరింది.

మర్నాడు కరీంనగర్‌లో ఫైనల్ రిపోర్టు బల్ల మీద ఉంది. ‘స్టోర్ కీపర్ చేతుల మీదుగా బయటికి పోబోయిన సమాచారం సకాలంలో పట్టుబడింది.’ వందన పేరు ఎక్కడా లేదు.

"కన్సల్టెంటే దొంగ అని రాస్తే ఏ క్లయింటు మన గడప తొక్కుతడు?" అన్నాడు నజీరుద్దీన్. "ఆమె సంగతి నా పాత డిపార్ట్‌మెంట్ చూసుకుంటది. ఇందుల అబద్ధం ఒక్క అక్షరం లేదు, సూడు."

"కాకకు మాటిచ్చిన సార్."

"జైలుకు పోతలేడు గద. మాట నిలిచినట్టే."

దేవుడు అక్షరాలను చూస్తాడా, అక్షరాల మధ్య దాచినదాన్ని చూస్తాడా? సమాధానం తెలిసే మహెక్ సంతకం చేసింది. సంతకం పెట్టకపోతే ఉద్యోగం ఉండదని కూడా ఆమెకు తెలుసు.

రిపోర్టు చదివి ఫ్యాక్టరీవాళ్లు ముత్తయ్యను ఆ వారమే పనిలోంచి తీసేశారు. మహెక్ బెల్లంపల్లి వెళ్లింది. అరుగు మీద కూర్చున్న ఆయన ఆమెను చూసి లేచి పెరట్లోకి పోయాడు. బాలవ్వ మాత్రం గుమ్మంలోకి వచ్చి అడిగింది.

"నీ నౌకరి పక్కా అయిందా బిడ్డా?"

"అయింది చిన్నమ్మా."

"పోనీ, ఒక్కలదన్న అయింది," అని తలుపు దగ్గరికేసింది.

నెలాఖరున మహెక్‌కు మొదటి అప్రైజల్ వచ్చింది. ‘ప్రధాన బలం’ అన్నచోట నజీరుద్దీన్ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: పనివాళ్లు ఈమెను తొందరగా నమ్ముతారు.