ఏడో టేకులో ఎవరి చెయ్యి?

పాత టెలిఫోన్ ఆఫీసు మెట్ల పేరెత్తితే మా వీధిలో ఎవరికీ పడదు.

ఆ ఆఫీసు మూసేసి ఎన్నేళ్ళయిందో నాకు తెలీదు. నాకు ఊహ తెలిసేసరికే ముందు తలుపుకి తాళం. వెనక గోడ కూలిన చోట ఒంగి దూరితే మాత్రం ఎదురుగా ఆ మెట్లు — వెడల్పుగా, మధ్యలో అరిగిపోయి, పైకి పోయి పోయి చీకట్లో కలిసిపోతాయి. పగలు పిల్లలు దాగుడుమూతలకి వెళ్తారు. పొద్దు గూకాక... కుక్క కూడా అటు తల తిప్పదు.

అక్కడ ఒక ఆపరేటరమ్మ ఉండేదట. తీగలు గుచ్చి ఊరందరి మాటలూ కలిపేదట. అలిగిన మొగుడూ పెళ్ళాల్నీ, పరీక్ష పాసైన పిల్లనీ వాళ్ళ నాన్ననీ, పేరు చెప్పకుండా ఊపిరి మాత్రం వినిపించే ప్రేమికుల్నీ... అందరినీ. ఆవిడకి రావాల్సిన ఒక్క ఫోను మాత్రం రాలేదట. ఆఫీసు మూసిన రోజు అందరూ మెట్లు దిగి వచ్చేశారు. ఆవిడ దిగడం ఎవరూ చూడలేదు.

అప్పట్నుంచీ రాత్రుళ్ళు దిగుతూనే ఉందంటారు.

ఆ కథ వింటే నాకు భయం కంటే ముందు ఏడుపొస్తుంది. "దెయ్యం కథకి ఏడ్చేదాన్ని నిన్నొక్కదాన్నే చూశానే తల్లీ" అంటుంది మా పిన్ని.

సరే, అసలు సంగతికొస్తాను.

కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో నేను పని చేస్తాను. నా చదువు పదో తరగతితో ఆగింది గానీ, ఆ కాలేజీలో ఏ కాగితం కదలాలన్నా నా చేతుల మీదుగానే. అక్కడ సినిమాలు తీయడం నేర్పుతారు. అక్కడ చదివే ఒకాయనకి జరిగింది ఇది. కౌంటర్ మీద మోచేతులు ఆనించి, గొంతు తగ్గించి, ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పిందే నేను అతికించి చెప్తున్నాను.

ఆయన్ని అందరూ "యూనిట్" అంటారు. సినిమా తీసే జనమంతా కలిస్తే యూనిట్ కదా — ఈయన ఒక్కడే ఆ జనమంతా.

"ఒరేయ్, యూనిట్ వస్తోంది, దారివ్వండి! హీరోగారు ముందు, కెమెరామేన్ వెనక, లైట్‌బాయ్ గోడ పక్కనుంచి రండి!" అని తోటివాళ్ళు షాపు ముందు ఏడిపించేవాళ్ళు. ఆయన నవ్వేవారు. నవ్వితే ఎడమ కన్ను కొంచెం ముందు మూసుకుంటుంది. అది ఇక్కడ అవసరం లేదనుకోండి.

చివరి ఏడాదివాళ్ళకి ఒకటే పరీక్ష. మూడు నిమిషాల పాట. రాయడం, పాడటం, నటించడం, తీయడం, ఎడిటింగ్ — అన్నీ ఒక్కరే చెయ్యాలి. పైగా ఒక ఫారం. "ఇందులో నా చెయ్యి తప్ప మరొకరి చెయ్యి పడలేదు" అని కింద సంతకం. పడిందని తేలితే సున్నా, ఏడాదంతా మళ్ళీ మొదట్నుంచి. ఆ ఫారం నలభై కాపీలు తీసింది నేనే, అందుకే అక్షరం పొల్లు పోకుండా గుర్తు.

యూనిట్‌గారికి అప్పటికే ఒక ఏడాది పోయింది. వాళ్ళన్నయ్య ముందే చెప్పేశాడు — "ఈసారి కూడా పోతే కెమెరా అక్కడే వదిలేసి నా టైర్ల షాపుకి వచ్చెయ్. పంచర్లు కూడా ఒంటరిగానే వేద్దువుగాని."

పాట బట్టల బీరువాలో తల దూర్చి రికార్డు చేశారట, బయటి చప్పుడు పడకుండా. షూటింగ్ ఇంకా విడ్డూరం. తను నిలబడాల్సిన చోట చీపురుకి తన చొక్కా తొడిగి నిలబెట్టడం, దాని మీద ఫోకస్ సరిచూసుకోవడం, బటన్ నొక్కి పరుగెత్తి చీపురు లాగేసి ఆ చొక్కా తొడుక్కుని తను నిలబడటం, అయిపోగానే మళ్ళీ పరుగెత్తుకొచ్చి చూసుకోవడం.

"సగం షాట్లలో చీపురే నాకంటే బాగా చేసింది" అన్నారొకసారి. నేను పేపర్ల లెక్క తప్పాను.

చివరి షాట్‌కి మాత్రం ఆ మెట్లే కావాలన్నారు. పోస్టు చెయ్యని ఉత్తరాలన్నీ గాల్లోకి లేచి తన చేతుల్లోకి తిరిగొస్తుంటే, పాటలోని అబ్బాయి వాటిని అందుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోతాడు.

"ఉత్తరాలెలా లేస్తాయండీ?" అన్నాను.

"లేవవు. నేనే పైమెట్టు మీంచి వెనక్కి వెనక్కి నడుస్తూ, ఒక్కో ఉత్తరం విసురుకుంటూ దిగుతాను. కెమెరా కింద ఉంటుంది, నా వీపు దానివైపు. ఎడిటింగ్‌లో మొత్తం తిరగేస్తే... నేను ఎక్కుతున్నట్టు, విసిరినవన్నీ నా చేతికొస్తున్నట్టు."

"అక్కడ... రాత్రి పూటా?"

"చీకట్లో అయితే కాగితాలు వెలుగుతాయి" అన్నారు. ఆ మాట నేను రెండు రోజులు మోశాను.

మొదటి రాత్రి నాలుగు టేకులు. వెనక్కి నడుస్తుంటే ఏం కనబడుతుంది? ఒకసారి కాలు జారింది. రెండోసారి ఉత్తరాలన్నీ ఒకేసారి పడ్డాయి. మూడోసారి లైటు పోయింది. నాలుగోసారి రెండు మెట్లు దిగగానే ఎడమ గోడవైపు వంకరగా పోయి, ఫ్రేములోంచే బయటికి వెళ్ళిపోయారు. పోయానని తెలిసి మిగతావి విసరకుండా చంకలో పెట్టుకుని దిగారట. కెమెరా మాత్రం ఖాళీ మెట్లని తీస్తూనే ఉంది.

రెండో రాత్రి మూడు. అయిదు, ఆరు, ఏడు.

ఆ రాత్రే మా బాబాయి చూశాడు.

మా బాబాయి వీధికి వాచ్‌మేన్. కూలిన గోడ దగ్గర వెలుతురు కనిపించి తొంగి చూశాడట. సన్నగా పాట... మెట్ల మీద ఒక మనిషి... ముఖం అటు, నడక ఇటు... చుట్టూ తెల్లగా ఏవో ఎగురుతున్నాయి...

ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. విజిల్ ఇంకా నోట్లోనే ఉంది. ఊదడానికి ఊపిరి లేదు.

"పాదాలు... వెనక్కి..." అన్నాడు.

"నిన్ను చూసి వెనక్కి నడిచి ఉంటుంది పాపం" అంది పిన్ని, దుప్పటి కప్పుతూ. "నీ భయం సంగతేమో గానీ, దాని భయం ఎవరు తీరుస్తారు?"

ఆ తర్వాత జరిగింది యూనిట్‌గారి గదిలో.

పాట ఇవ్వాల్సింది మర్నాడు సాయంత్రం అయిదుకి. తెల్లవార్లూ కూర్చున్నారు. కంప్యూటర్ వేడెక్కి మూలుగుతుంటే టేబుల్ ఫ్యాను దానివైపు పెట్టి, తను చెమటలు తుడుచుకుంటూ. టేకులు ఒక్కొక్కటే తిరగేసి చూస్తున్నారు. అయిదు బాలేదు. ఆరు బాలేదు.

ఏడు.

మొదలవ్వగానే ఒళ్ళు జలదరించిందట. ఉత్తరాలు లేస్తున్నాయి. తను ఎక్కుతున్నాడు. కాసేపటికి — తను ఎడమకి పోతున్నాడు, మళ్ళీ అదే తప్పు, గోడవైపు, అంచుకి, ఫ్రేము దాటిపోబోతున్నాడు...

కెమెరా మెల్లగా ఎడమకి తిరిగింది.

తిరిగి, తన కోసం ఆగింది. తను నడక సరిచేసుకునేదాకా ఆగి, తనతో పాటు మళ్ళీ మధ్యకి వచ్చింది.

అక్కడ తను తప్ప ఎవరూ లేరు.

స్టాండు మర వదులేమో అనుకున్నారు. లేచి మరలన్నీ వదులు చేసి చూశారు. కెమెరా ముక్కు కిందికి వాలుతుందే గానీ, పక్కకి తిరగదు. తిరిగినా, మనిషి కోసం ఆగదు.

సౌండు పెంచారు. తన పాట వెనకాల, చిన్నగా, ఏదో మాట... "చ్చ్‌హా..." అని లోపలికి పీలుస్తున్నట్టు.

హెడ్‌ఫోన్లు విసిరికొట్టి, లైట్లన్నీ వేసి, చీపురు పక్కన పెట్టుకుని కూర్చున్నారట. చాలాసేపటికి ధైర్యం చేసి, ఆ చప్పుడు ఒక్కటీ తిరగెయ్యకుండా అసలు ఎలా ఉందో అలా విన్నారు.

తుమ్ము.

పొద్దున్నే షాపు తీయగానే ఎదురుగా నిలబడ్డారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"దెయ్యాలకి జలుబు చేస్తుందా?" అన్నారు గుసగుసగా.

ఫోన్లో షాట్ చూపించారు. అంత అందమైంది నేను ఇంతవరకు చూడలేదు. ఆయన తప్పిపోతుంటే ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినట్టుంది.

"పెట్టెయ్యండి. దెయ్యం చెయ్యి లెక్కలోకి రాదు" అన్నాను.

"ఎందుకు రాదు? ఆవిడ నాకంటే బాగా తిప్పింది. నాది కాని దాన్ని నాదని ఎలా సంతకం పెట్టను?" అని ఫారం తీశారు. "కింద ఒక లైను చేర్చు, జిరాక్సూ. టైప్ చెయ్యి. 'ఏడో టేకులో కెమెరా తిప్పింది నేను కాదు.'"

"అలా రాస్తే సున్నా ఇస్తారండీ."

"ఇవ్వనీ. టైప్ చెయ్యి. 'ఎవరు తిప్పారో నాకు తెలియదు.'"

మొదటి వాక్యం కొట్టాను. రెండోది కొట్టడానికి వేళ్ళు ఆడలేదు. టైర్ల షాపు కనిపించింది. గ్రీజు పూసుకున్న ఆ చేతులు కనిపించాయి. చెప్పకపోతే ఆయన తెలియని దెయ్యం కోసం ఏడాది పోగొట్టుకుంటారు. చెప్తే... ఇంక నా మొహం చూడరు.

కొట్టి, ప్రింట్ తీసి ఇచ్చాను.

ఆయన చదివారు. మళ్ళీ చదివారు.

"ఏడో టేకులో కెమెరా తిప్పింది నేను కాదు. తిప్పింది జిరాక్స్ షాపు అమ్మాయి."

కాగితం కౌంటర్ మీద పెట్టి నావైపు చూశారు.

"నువ్వా?"

"బాబాయి చెప్పగానే మీరేనని తెలిసిపోయింది. చూద్దామని వచ్చానండీ, అంతే. కెమెరా వెనకాల నిలబడ్డాను. ఆ బుల్లి తెరలో మీరు అంచుకి వెళ్ళిపోతున్నారు... పిలిస్తే పాట పాడవుతుంది. చెయ్యి దానంతటదే పోయింది. మీరు కిందికి దిగేలోపు గోడ సందులోంచి వచ్చేశాను."

"మరి ఆ తుమ్ము?"

"అక్కడ ఎంత దుమ్మండీ!"

తిడతారని తల దించుకున్నాను. మెల్లగా తలెత్తాను. కౌంటర్ పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుతున్నారు. ఎడమ కన్ను ముందు, తర్వాత కుడిది.

"రాత్రంతా చీపురు పక్కన పెట్టుకుని కూర్చున్నానే, నీ తుమ్ముకి!"

నవ్వు ఆగాక ఫోన్లో ఆ షాట్ ఇంకోసారి చూసుకున్నారు. నెమ్మదిగా చూశారు, దాచుకునేదాన్ని చూసినట్టు.

"ఇది తీసేస్తాను" అన్నారు. "అయిదూ ఆరూ మసక. నాలుగో టేకు పెడతాను, ఖాళీ మెట్లతో ముగిసినా పాటకి చాలు. నేను ఫ్రేములోంచి పోతేనేం, నా చెయ్యే ఉంటుంది. నిజంగా సంతకం పెట్టొచ్చు."

"అది బాలేదన్నారుగా?"

"బాలేదు. కానీ నాది."

మామూలు ఫారం ఇంకోటి తీసుకుని పరుగెత్తారు. నాలుగో టేకు సరిగ్గా చూసుకోవడానికి కూడా టైము లేదు. తిరగేసి, పాట చివర అతికించి, అయిదుకి రెండు నిమిషాలుండగా ఇచ్చి వచ్చారట.

మూడు రోజుల తర్వాత రిజల్టు. చీకటి పడుతుంటే షాపుకొచ్చారు. పాసయ్యారని నాకు అప్పటికే తెలుసు. రిజల్టు కాగితం కాపీలు తీసింది నేనే. మొదటి పేరు ఆయనది. మురిసిపోతూ రెండు కాపీలు ఎక్కువ తీశాను.

కానీ ఆయన మొహంలో నవ్వు లేదు.

"అందరూ వెళ్ళాక మేడమ్ నన్ను ఆపారు" అన్నారు. "చివరి షాట్‌కే అన్ని మార్కులూ వేశానన్నారు. 'మెట్ల మీద మనిషే లేకుండా ఆ ట్రిక్ ఎలా చేశావు?' అన్నారు."

"ఏం ట్రిక్కండీ?"

ఫోను తీసి నా ముందు పెట్టారు.

ఖాళీ మెట్లు. ఎవరూ లేరు. మెట్ల మీంచి ఒక ఉత్తరం మెల్లగా లేచింది. ఎడమ గోడవైపు, ఆయన ఉన్నవైపు పోతుందనుకున్నాను. పోలేదు. తిన్నగా పైకి, పైమెట్టు మధ్యకి వెళ్ళి... మనిషి నడుమంత ఎత్తున ఆగిపోయింది. దాని మీదికి ఇంకోటి వచ్చి చేరింది. ఇంకోటి. చక్కగా, అంచులు కలిపి, ఒక దొంతర.

"మొదటి రాత్రి కూడా వచ్చావు కదూ?" అన్నారు. "వచ్చానని చెప్పు. ఏమీ అనను."

"లేదండీ. నేను ఏడో టేకుకే..." అన్నాను. "నన్ను ఏడిపించడానికి ఏదో చేశారు కదూ? ఎడిటింగ్‌లో?"

తల అడ్డంగా ఊపారు. "నా ఉత్తరాలు నా చంకలోనే ఉన్నాయి." కౌంటర్ మీద నా చెయ్యి పట్టుకున్నారు, మొదటిసారి. ఆయన చెయ్యి చల్లగా ఉంది. నాది అంతకంటే చల్లగా.

"ఇది తిరగేసినది కదా" అన్నారు. "తిరగెయ్యకుండా చూడు... ఆ రాత్రి అసలు ఎలా జరిగిందో అలా."

నొక్కారు.

పైమెట్టు మీద ఎవరూ లేరు. కాగితాలు మాత్రం... ఒక్కొక్కటే విసురుతున్నారు.