మొదటి లైనులో ఒక u

నలభై రెండు రక్తం బ్యాగులు. ఒక్కటీ పనికిరాదు.

పుత్తూరులోని ఆ ప్రైవేటు ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో ఫ్రిజ్ పద్నాలుగు డిగ్రీలకు చేరినా అలారం మోగలేదు. ఆరు దాటితే మోగాలి. ఎవరో సర్వర్‌లో కాన్ఫిగ్ ఫైల్ తెరిచి, ఆరును పదహారు చేశారు. నిన్న ఉదయం 11:42కి. పల్లవి లాగిన్‌తో.

పల్లవి ఆసుపత్రి సిస్టమ్ అడ్మిన్. లాగిన్ దొరికితే దొంగ దొరికినట్టేనని పైఅధికారుల లెక్క. ఐదింటికి ఆమెను రిమాండ్‌కు పంపాలి.

చిత్తూరు సైబర్ సెల్ ఎస్సై నందిని సర్వర్ గదిలో గడియారం చూసుకుంది. 3:50.

"11:42కి యాడుండావు?"

"టీకి పోయినా మేడం. నా లాగిన్ మూయకుండా అట్నే వదిలేసినా." అంది పల్లవి.

సర్వర్ గది తాళంచెవి ఇంకో ఇద్దరి దగ్గరుంది. డాక్టర్ అమర్‌నాథ్, మెయింటెనెన్స్ చూసే ఏకాంబరం.

"లాగిన్ ఆమెదే కదా. ఇంకేం విచారణ?" అన్నాడు డాక్టర్.

"నాకు ఫ్రిజ్జులు తెల్సు. ఆ నల్ల స్క్రీన్ నాకేం తెల్సు మేడం?" అన్నాడు ఏకాంబరం.

నందిని చెప్పగా పల్లవి, ఫైళ్ల మధ్య తేడాలు చూపే డిఫ్ కమాండ్ కొట్టింది. పాత బ్యాకప్‌కీ ఇప్పటి ఫైల్‌కీ తేడా రెండు చోట్లే. ఒకటి ఆ పదహారు. రెండోది ఫైల్ మొదటి లైను.

# u

"ఇదేంది?"

"చెత్త మేడం. ముందర ఆ హ్యాష్ గుర్తు పెట్టినాక ఆ లైన్లో ఏముండినా సిస్టమ్ చదవదు. చెయ్యి తగిలింటుంది."

"చెయ్యి తగిలితే హ్యాష్, స్పేస్ వరసగా పడతాయా?"

నందిని ముగ్గురికీ తెల్లకాగితాలు ఇచ్చింది.

"నిన్న పది నుంచి పన్నెండు దాకా ఏం చేసినారో రాయండి."

4:31. కాగితాలు తీసుకుంది. రాసింది చదవలేదు. పైభాగమే చూసింది. పల్లవి కాగితం మీద శ్రీ. డాక్టర్ కాగితం మీద తేదీ. మూడోదాని మీద చిన్న సుడి, కింద గీత.

"ఇదేంది ఏకాంబరం?"

"పిళ్లయార్ సుళి మేడం. వినాయకుడి గుర్తు. తిరుత్తణిలో తమిళ బళ్లో సదివినా. అది పెట్టకుండా ఏదీ రాయను."

"తమిళంలో అది ఏ అక్షరం?"

"ఉ..."

అక్కడే ఆగిపోయాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది.

"ఇంగ్లీషు కీబోర్డులో ఆ ఉ ఎట్ల కొడతారు?"

ఏకాంబరం జేబులోంచి సర్వర్ గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"కంప్రెసర్ మొరాయిస్తా ఉండాది మేడం. రిపేరోళ్లను పిలవడం మరిసినా. అలారం మోగితే నా పని పోతాదని భయం. ఆ పాప ఫైల్ తెరిచి మార్చేది, హ్యాష్ పెట్టి రాస్తే ఏం కాదనేది ఎనక నిలబడి సూసినా. రెండు దినాల్లో మళ్లీ ఆరు పెడదామనుకున్నా."

"తప్పు చేసేటప్పుడు కూడా వినాయకుడికి చెప్పే చేసినావు గదప్పా."

"సెయ్యి అలవాటు మేడం."

4:48కి నందిని ఫోన్ చేసి రిమాండ్ ఆపించింది. ఫైల్ కాపీ సాక్ష్యంగా తీసుకున్నాక పల్లవి వైపు తల ఊపింది. పల్లవి కళ్లు తుడుచుకుని పదహారును ఆరు చేసింది. సేవ్ చేసింది.

ఈసారి లాగౌట్ అయ్యాకే కుర్చీలోంచి లేచింది.