ఏమీ అనని చొక్కా

ముంగరలంకలో కొబ్బరికాయలు వాటంతట అవే దిగడం మొదలై చాలా ఏళ్లయింది. దింపు యంత్రాలు తెల్లవారకముందే చెట్టెక్కి, కాయ ముదిరిందో లేదో తట్టి చూసి, పడవలోకి దించేసి వెళ్లిపోతాయి. మనుషులకు పొద్దు మిగిలిపోయింది. ఆ మిగిలిన పొద్దంతా పాత కొబ్బరి కొట్టులో వేసిన పూల్ బల్ల చుట్టూ తిరుగుతోంది.

ఆ వేసవిలో కొట్టు పక్కనుంచి పోయే కొత్తవాళ్లెవరైనా లోపల సూదిమందు వేస్తున్నారనుకునేవారు. 'అబ్బా', 'అమ్మో', 'ఓరి నాయనో' అని ఒకటే కేకలు. ఎవరూ ఎవరినీ ఏమీ చేయడం లేదు. చొక్కాలు గిచ్చుతున్నాయి.

వాటిని నిలుపుచొక్కాలంటారు. అమలాపురం ప్రయోగశాలలో డాక్టర్ నైనిక తయారు చేసింది. కట్టుకున్న బట్టల మీదే తొడుక్కునే పల్చటి చొక్కా. నేతలో నూలుతోపాటు స్పర్శతంతువులుంటాయి. సెన్సర్ల పనీ, గిచ్చే పనీ రెండూ వాటివే. ఆటగాడు క్యూ కర్ర పట్టి బల్ల మీదికి వంగగానే వెన్ను ఎంత వంగింది, బరువు ఏ కాలి మీద పడింది, మోచెయ్యి గోడగడియారం లోలకంలా తిన్నగా ఊగుతోందా లేక పక్కకు పోతోందా, అన్నీ కొలుస్తాయి. తప్పు ఎక్కడుంటే అక్కడ చురుక్కుమనిపిస్తాయి. కర్ర బంతికి తగలకముందే తల ఎత్తితే మెడ మీద ఒకటి పడుతుంది. నిలబడే తీరూ కర్ర పోటూ సరిగ్గా ఉంటే మాత్రం ఏమీ అనవు.

"ఏమీ అనకపోతే బాగున్నట్టేనా డాక్టరమ్మా?" అని చొక్కాలు పంచిన రోజునే అడిగింది హాసినమ్మ.

"చొక్కా పనిచేస్తుంటే అంతేనండి" అంది నైనిక. "ఇది పరీక్ష కాబట్టి అందరి చొక్కాలూ ఒకలాంటివి కావు. ఎవరిది ఎలాంటిదో చివర్లో చెబుతాను" అని కూడా అంది. అప్పటికి జనం చొక్కాలు తొడుక్కోవడంలో మునిగిపోయారు. హాసినమ్మ చెవిన పడింది 'అంతేనండి' ఒక్కటే.

ఆ సంగతి ఆమెకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. పుట్టింట్లో జరిగిందీ అదే. పులుసులో ఉప్పెక్కువైతే వాళ్ల నాన్న గొంతు వీధి చివరిదాకా వినపడేది. బాగుంటే ఏమీ అనేవాడు కాదు, ఇంకో గరిటె వేయించుకునేవాడు. ఆయన ఏమీ అనకుండా లేచిన పూట తల్లీ కూతుళ్లు ముగ్గురికీ పండగ.

హాసిని, రిత్విక్ అన్నవి ఒకప్పుడు కొత్త పేర్లు. ఇప్పుడవి వింటే నెరిసిన తలలే గుర్తొస్తాయి. రిత్విక్ ఆమె అక్క మొగుడు. ఏటా డెల్టా పోటీలకు వెళ్లే ఊరి జట్టులో చివరి చోటు ఆయనదే. హాసినమ్మ కూడా ఏటా వెళుతుంది, సుద్దముక్కలూ మంచినీళ్ల సీసాలూ మోసుకుంటూ. ఒక్కసారైనా కర్ర పట్టుకుని వెళ్లాలని ఆమె కోరిక. ఈ ఏడు బావను ఓడిస్తేనే అది తీరేది.

"ఏమే మరదలా, నీ చొక్కా నిద్దరోతందా?" అనేవాడు బావ, భుజం రుద్దుకుంటూ.

"దానికి నాతో పనేముంది బావా? నీలాగా కొంగమెడ ఎత్తుతున్నానా?"

"అబ్బో! మాటలు నేర్చింది."

మాటలే కాదు, ఆట కూడా వచ్చింది. వంగిన ప్రతిసారీ చొక్కా ఏమీ అనలేదు. అనని కొద్దీ ఆమె కాళ్లు నేలను నమ్మాయి. ఇదివరకు బంతిని బతిమాలినట్టు కొట్టేది, ఇప్పుడు పని చెప్పినట్టు కొడుతోంది.

జట్టు ఎంపిక ఆట రానే వచ్చింది. ఎవరి బంతులు వాళ్లు జేబుల్లో వేసి, చివర నల్ల బంతి వేసినవాళ్లదే గెలుపు. ఇద్దరికీ నల్ల బంతే మిగిలింది. వంతు బావది. వంగాడు. మోచేతి మీద చురుక్కుమంది. సర్దుకున్నాడు. వెన్ను మీద గిచ్చింది. "ఉండవే నీ తల్లి కడుపు మాడా" అని చొక్కాను తిట్టి కొట్టాడు. నల్ల బంతి జేబు అంచుదాకా వెళ్లి, లోపలికి తొంగి చూసి ఆగిపోయింది.

"ఇదన్యాయం!" అని అరిచాడు బావ. "నన్నేమో ఒళ్లంతా కుళ్లబొడుస్తంది. దీన్ని ఒక్కసారి గిచ్చగా చూశారా ఎవరైనా? ఆ చొక్కా చూడండి డాక్టరమ్మా!"

నైనిక చొక్కాల లోపలి సంగతి చదివే పలకను హాసినమ్మ చొక్కాకు ఆనించింది. ఒకసారి కాదు, రెండుసార్లు చూసింది. ఆమె మొహం మారిపోయింది.

"ఇది ఖాళీ చొక్కా అండి. ఇందులో తంతువులే లేవు. ఉత్త నూలు." అందరికీ వినపడేలా చెప్పింది: "నిజం చొక్కా మేలు చేస్తోందో లేదో తేలాలంటే పక్కన ఖాళీవి కూడా ఉండాలి. సగం మందికి ఖాళీవే ఇచ్చాం. ఎవరివో నాకూ ఇప్పటిదాకా తెలియదు."

"అయితే దీనిది దొంగాట!" అన్నాడు బావ.

"దొంగ చొక్కా వేసుకుని నిజం ఆట ఆడింది" అంది జట్టు పెద్ద లాస్యమ్మ. "నువ్వు నిజం చొక్కా వేసుకుని ఏం వెలగబెట్టావు?"

కొట్టంతా గొల్లుమంది. హాసినమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ తనను మెచ్చుకున్నదెవరు? ఎవరూ కాదు. చొక్కా విప్పి కుర్చీ మీద వేసి బల్ల దగ్గరికి వచ్చింది. వంగింది. తన మోచెయ్యి తనది కానట్టుంది. బరువు ఏ కాలి మీద వేయాలో తోచలేదు. మళ్లీ లేచి నిలబడింది.

"ఏమ్మా, చలేస్తందా?" అన్నాడు బావ.

"నువ్వు కాస్త నోర్ముయ్యి" అంది లాస్యమ్మ.

కొట్టు సద్దుమణిగింది. హాసినమ్మ మళ్లీ వంగింది. మెడ మీద ఏదైనా పడుతుందేమోనని ఒళ్లంతా చెవులు చేసుకుంది. ఎప్పుడూ నోరు ఊరుకోని లాస్యమ్మ కూడా మాట్లాడటం లేదు. బావా మాట్లాడటం లేదు. ఇంతమంది ఉండి ఒక్కరూ ఏమీ అనడం లేదు.

అంటే బాగానే ఉన్నట్టు.

కొట్టింది. తెల్ల బంతి బల్ల పొడుగునా నింపాదిగా నడిచి వెళ్లి నల్ల బంతిని తాకింది. అది జేబులోకి జారిపోయింది.

అందరికంటే ముందు ఈల వేసింది బావే. లాస్యమ్మ జట్టు టోపీ తెచ్చి హాసినమ్మ నెత్తిన పెట్టి, కళ్లు మూసుకుపోయేదాకా కిందికి లాగింది. "ఈసారి సుద్దముక్కలు ఎవరు మోస్తారే?" అని ఎవరో అరిస్తే, "మా బావ ఉన్నాడుగా!" అంది టోపీ లోంచే.

నైనిక ఓ పక్కన కూర్చుని మిగతా చొక్కాలు కూడా చదివి, వేసవంతా రాసుకున్న ఆటల లెక్కలతో సరిచూసుకుంది. నిజం చొక్కాల వాళ్లూ కొంత బాగుపడ్డారు. ఖాళీ చొక్కాల వాళ్లు ఇంకా బాగుపడ్డారు. "గిచ్చితే మనసంతా గిచ్చిన చోటికే పోతోంది, బంతి దగ్గరికి రావడం లేదు" అని తనలో తను గొణుక్కుంది. తల ఎత్తేసరికి ఎదురుగా జనం. చొక్కాలు విప్పి చేత పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఖాళీవి కావాలట.

బావ వరసలో నిలబడలేదు. కుర్చీ మీదున్న మరదలి చొక్కా తీసుకున్నాడు.

"అందులో ఏమీ లేదు బావా."

"విన్నానులేవే. అందుకే తీసుకున్నా. ఇంట్లో మీ అక్క, ఇక్కడ ఈ చొక్కా. నన్నేమీ అననిది ఒక్కటైనా ఉండొద్దా?"

తొడుక్కున్నాడు. దర్జాగా వంగి, మోచెయ్యి రెక్కలా విప్పి లాగి కొట్టాడు. తెల్ల బంతి బల్ల దాటి గాల్లోకి లేచి, గడప మీద పడి వీధిలోకి దొర్లిపోయింది. బావ వంగినవాడు వంగినట్టే కాసేపు ఆగాడు. చొక్కా ఏమీ అనలేదు. ఆయన మొహం విప్పారింది.

"చూశావా? నా నిలుపులో ఏ లోపమూ లేదు" అన్నాడు. తర్వాత ఒక కన్ను మూసి బల్ల అంచును ఈ కొస నుంచి ఆ కొస దాకా పరీక్షగా చూశాడు.

"డాక్టరమ్మా, తేడా అంతా ఈ బల్లలో ఉంది. దీనికో గిచ్చే చొక్కా కుట్టిపెట్టండి."