గేజీలు తగిలించిన మేకు

నా పనిని నేనే మెచ్చుకుంటాను. పక్కవాళ్లకు ఆ శ్రమ ఎందుకని. నాకు ఐసు మిషన్లు బాగుచేసే పని నేర్పింది కాలిపోయిన కంప్రెసర్లే. వాటిలో సగం నేను కాల్చినవే.

చినాజ్ ఊళ్లో నది పక్కన జుల్హుమార్ అక్క చేపల హోటలు. ఎండ పేలిపోతున్న మధ్యాహ్నం వెళ్లాను. ఐసు మిషన్ వెనక గదిలో ఉంది. కిటికీ లేదు. చేపల నీచు, తడి గోనెల ముక్కిన వాసన, వాటి అడుగున మాడిన నూనె కంపు.

"ముందొచ్చినవాడు కెపాసిటర్ మార్చి పోయాడు ఉస్తా," అంది అక్క. మా దగ్గర మేస్త్రీని అలాగే పిలుస్తారు.

"వాడు గాడిదలకు నాడాలు కొట్టుకోవాల్సినవాడక్కా."

"నీ గురించి వాడూ అదే అన్నాడు."

ప్లగ్గు పీకి మీటరు పెట్టాను. కంప్రెసర్ లోపలి తీగచుట్ట కాలి దాని ఇనప డొప్పకు తగులుతోంది. మార్చాల్సిందే. గ్యాసు ఒత్తిడి చూసే గేజీలు తగిలించడానికి మేకు కావాలి. ఉన్న ఒక్క మేకుకీ ఒక రొట్టె వేలాడుతోంది. అంచున పంటి గాటు.

"దాని జోలికి పోకు. మా తమ్ముడు నార్మత్ ప్రయాణమయ్యేటప్పుడు కొరికి వెళ్లాడు. మిగతాది వాడే వచ్చి తినాలి. ఇంకొకడి నోట పడిందా, మావాడిక రాడు."

"రాయిలా ఉంది. తింటే వాడి పళ్లూడతాయి."

"నీ పళ్లు నువ్వు చూసుకో," అని ఆమె పొయ్యి దగ్గరికి పోయింది.

ఆడవాళ్ల చాదస్తం! రొట్టె దించి మిషన్ మీద పెట్టి, మేకుకి గేజీలు తగిలించాను. చిన్న తునక నేల రాలింది. మా వాళ్లలో రొట్టె తునక నేల మీద ఉండకూడదు. చెయ్యి దాన్ని తీసింది, కళ్లకద్దింది, నోట్లో వేసింది. బుద్ధి ఆ తర్వాత వచ్చింది.

గ్యాసు లాగేశాను. పైపులు కోసి, పాత కంప్రెసర్ బయటికి తీశాను. వెంట తెచ్చిన కొత్తదాన్ని మంటతో అతికిస్తున్నాను...

కర్... కర్...

నా వెనకాల. ఎలుకేలే అనుకున్నాను. మంట ఆర్పాను. చప్పుడూ ఆగింది.

మెడ మీద చల్లటి గాలి. మిషన్ ఆగే ఉంది. ఫ్యాను లేదు.

"ఇంకాస్త... ఉందా...?"

పారిపోదామంటే గొంతు తలుపు వైపునుంచే వచ్చింది. వెనక్కి తిరగలేదు. అంత ధైర్యం నాకు ఎవరూ నేర్పలేదు. చేతులే పని చేసుకుపోయాయి. అతుకు పూర్తి చేశాయి, పైపుల్లో గాలి తీశాయి, గ్యాసు నింపాయి, స్విచ్చి వేశాయి. కంప్రెసర్ హాయిగా మూలిగింది. కాసేపటికి ఐసు ముక్కలు జలజలా రాలాయి.

ఆ చప్పుడుకి అక్క నవ్వుతూ వచ్చింది. రొట్టెను చూసింది. నవ్వు ఆగింది.

పాత గాటు పక్కన కొత్త గాటు. నిండు నోటి కొరుకు. రాయిలాంటి రొట్టె లోపల తెల్లగా, మెత్తగా, ఇప్పుడే పొయ్యిలోంచి తీసినట్టు ఆవిరి.

"నువ్వు తిన్నావా?"

"ఇంత కొరుకు నాది కాదక్కా." అబద్ధం కాదు.

ఆమె కళ్లు నిండాయి. "అయితే వచ్చాడు..." అంది గుసగుసగా. చీకటి మూలకి తిరిగి, "ఆకలేస్తోందా తమ్ముడూ? ఉండు, చేప వేయిస్తా," అంది.

మూలలోంచి పెదవులు చప్పరించిన శబ్దం.

నా నోట పడ్డ తునక సంగతి ఆమెకు చెప్పలేదు. ఈ రోజుకీ ఆ గదిలో రెండు పూటలా కంచం పెడుతోందట, ఖాళీ అవుతోందట. మిషన్ ఎందుకు కాలిందో అడగండి, చెబుతాను. నా మూలంగా నార్మత్ ఇక రానివాడైతే, వచ్చి తింటున్నదెవరో మాత్రం నాకింకా తెలియదు.