చెవి మిషన్ వచ్చిన ఇంట్లో

పప్పు కుక్కర్ కూత పెట్టగానే డానియేలు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. "అరే! ఇది గింత లొల్లి చేస్తదా?" అంటూ చెవి వెనక మిషన్ తడుముకుని పకపకా నవ్వాడు.

నిన్న సాయంత్రమే మలక్‌పేట నుంచి తెచ్చుకున్న వినికిడి మిషన్ అది. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు, ఇనుము కోసే లేత్ యంత్రం రొదలో పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషికి ఇల్లంతా కొత్తగా ఉంది. "పక్కింటి మున్నీ చెప్పుల సప్పుడు గూడ ఇనబడుతుంది!" అన్నాడు సంబరంగా.

"అయితే ఇన్నేండ్ల సంది తిట్టిన తిట్లన్నీ మల్ల మొదటి నుంచి తిట్టాల్నా?" అంది భార్య చంద్రమ్మ.

వాళ్ల కూతురు స్వీటీ మాత్రం నవ్వలేదు. చేతిలో ఐటీఐ దరఖాస్తు. ఇవాళే ఆఖరి రోజు. తండ్రి లేత్ మీద చేసిన టర్నర్ పనే నేర్చుకోవాలని ఆమె కోరిక. నలుగురిలో నోరు విప్పని పిల్ల, ధైర్యం కూడగట్టుకుని కాగితం ఆయన ముందు పెట్టింది.

"డాడీ, సంతకం..."

"వద్దన్న గదా! ఆ లేత్ నా చెవులు తిన్నది. నీయి గూడ ఇయ్యాల్నా? చంద్రమ్మా, ఆ నల్లా బంద్ చెయ్యి, చుక్క చుక్క పడుతుంది!"

స్వీటీకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "నల్లా చుక్క ఇనబడుతుంది, నా మాట ఇనబడదా?"

"ఎందుకు ఇనబడదు? మస్తు ఇనబడుతుంది."

"అది హియర్, డాడీ! హియర్‌కు, లిజన్‌కు ఫరక్ ఏందని నిన్న ఇంగ్లీషు సార్ అడిగిండు. నాకు చెప్పరాలే. ఇప్పుడు సమజైంది. చెవుల పడితే హియర్. మనసు పెట్టి ఇంటే లిజన్. మిషన్ లేనప్పుడు నా పెదవులు చూసి, ముఖం చూసి ఇంటుంటివి. నిన్నటి సంది ఒక్కసారన్న నా దిక్కు చూసినవా?"

డానియేలు మిషన్ తీసి బల్ల మీద పెట్టాడు. కుర్చీ కూతురి వైపు తిప్పుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు బిడ్డా."

"ఇనుము కోస్తుంటే టూల్ పాట పాడుతదని, పాట మారితే పని చెడ్డట్టేనని నువ్వే చెప్పినవ్. ఆ పాట ఇననీకే గద, ఇయర్ ప్లగ్గులు పెట్టుకోకపోతివి! నాకు ఆ పని కావాలె. నేను ప్లగ్గులు పెట్టుకుంట. పాట చేతులతోటి పట్టుకుంట, అదురును బట్టి."

ఆమె పెదవుల మీంచి చూపు తిప్పకుండా ఆయన అంతా విన్నాడు. కళ్లు తుడుచుకుని సంతకం పెట్టాడు. ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక చిన్న డబ్బీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఫ్యాక్టరీలో ఇచ్చిన ఇయర్ ప్లగ్గులు. కవరు కూడా విప్పలేదు.

"మొదటి రోజు నుంచే పెట్టుకోవాలె. లేకుంటే ఊకోను."

సరే డాడీ, అంది స్వీటీ. చప్పుడు చెయ్యకుండా పెదవులు మాత్రమే కదిపింది. మిషన్ ఇంకా బల్ల మీదే ఉంది.

"ఇన్న బిడ్డా," అన్నాడు డానియేలు.